రెండో బ్యాటరీ స్టెప్నీ కాదు మహాప్రభో!

అమెరికాలో మనవాళ్ళు కొందరు డీజిల్ పికప్‌లు కొంటున్నారు. ట్రైలర్ లాగడానికో, ఉత్త మోజుకో, అది వాళ్ళిష్టం. నా గొడవల్లా బ్యాటరీల దగ్గరే.

ఈ పెద్ద బళ్ళలో చాలావాటికి రెండేసి 12 వోల్టుల బ్యాటరీలుంటాయి. ఒకటి పోయిందనగానే మన ఐటీ బుర్ర ఏమంటుంది? "రెండోది బానే ఉందిగా, పోయినదాన్నే మారుద్దాం." సర్వర్లో డిస్కు మార్చినట్టన్నమాట!

అయ్యా, అది బ్యాకప్ కాదు. రెండూ పారలల్‌లో కలిసి పనిచేస్తాయి. వోల్టేజి 12 దగ్గరే ఉంటుంది, కరెంటిచ్చే సత్తా కలుస్తుంది. డీజిల్ ఇంజనుకి కంప్రెషన్ ఎక్కువ, స్టార్టర్ గట్టిగా తిప్పాలి. దానికి తోడు చలిలో గ్లో ప్లగ్గులో, హీటరో వేడెక్కాలి. ఇంత చాకిరీ ఒక్కదాని వల్ల కాదనే రెండు పెట్టారు.

కొత్తదాని పక్కన ముసలిదాన్ని ఉంచితే, బండి ఆగి ఉన్నప్పుడు కూడా ముసలిది కొత్తదాన్ని పీలుస్తూనే ఉంటుంది. కొన్నాళ్ళకి రెండూ ముసలివే. ఇదా పొదుపు? 2003-2007 నాటి ఫోర్డ్ 6.0 లీటర్ పవర్ స్ట్రోక్ ఉన్నవాళ్ళయితే మరీ జాగ్రత్త. అందులో ఇంజెక్టర్లని నడిపే మాడ్యూల్ 12 వోల్టుల్ని 48కి పెంచుతుంది. బ్యాటరీలు నీరసిస్తే ఆ భారమంతా దాని మీద పడి, చివరికి అదీ పోతుంది.

అంచేత జతగా మార్చండి. ఒకే సైజు, ఒకే రకం, ఒకే సీసీఏ, తయారీ తేదీలు దగ్గర దగ్గరగా. సీసీఏ అంటే మైనస్ 18 డిగ్రీల దగ్గర 30 సెకన్లపాటు, 7.2 వోల్టులకి తగ్గకుండా ఇవ్వగల కరెంటు. "డాలస్‌లో చలెక్కడిది?" అంటారా? బ్యాటరీ ప్రాణం తీసేది ఎండే. చలి ఆ సంగతి బయటపెడుతుంది, అంతే.

బిగించేటప్పుడూ ఇదే పొరపాటు. ఒక్కదాని నెగటివ్ ఊడదీసి కరెంటు పోయిందనుకుంటారు. రెండోది ఇంకా బతికే ఉంది! పాజిటివ్ మీదున్న స్పానర్ బాడీకి తగిలిందో, దీపావళే. ముందు రెండు నెగటివ్‌లూ తీయండి, తర్వాతే పాజిటివ్‌లు. బిగించేటప్పుడు పాజిటివ్‌లు ముందు, నెగటివ్‌లు ఆఖర్న.

జత కొని కొద్ది నెలలే అయ్యి, ఒకటి వారంటీలో పోతే, అదే మోడల్ ఒక్కటి వేసుకోండి, కాదనను. నాలుగైదేళ్ళు లాగించిన జతయితే మాత్రం రెండూ మార్చాల్సిందే. పాతవి షాపులో ఇచ్చేస్తే కోర్ డబ్బులు వెనక్కొస్తాయి.

మంచులో, ట్రైలర్ తగిలించుకుని, పిల్లల్తో ఆగిపోయాక లెక్కలేసుకుంటానంటే, ఇక మీ ఇష్టం.