ఈ ఉత్తరం ఎక్కడిది?



పోయిన నెలలో ఒక సాయంత్రం నా పాత శిష్యుడి కూతురు ఫోను చేసింది. ఎనిమిదో తరగతి చదువుతున్నది.

"తాతగారూ, మీ ఒంట్లో ఎలా ఉంది? ఆస్పత్రిలో ఉన్నాననీ, వెంటనే ఇరవైవేలు పంపమనీ నాన్నకు ఈమెయిలు రాశారుగా. నాన్న డబ్బు పంపబోతున్నాడు" అన్నది.

నేనప్పుడు పెరట్లో బీరపాదుకు నీళ్లు పోస్తున్నాను!

"నాన్నను ఆగమను తల్లీ. ఆ ఉత్తరం ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం" అన్నాను.

కార్డు మీద "ఇట్లు, ఫలానా" అని ఎవరైనా రాయవచ్చు. కాని తపాలా ముద్ర రాసినవాడి చేతిలో ఉండదు. ఈమెయిలుకూ అలాంటి ముద్రలున్నాయి. "ఫ్రమ్" అన్నచోట కనిపించే పేరు పంపినవాడు రాసుకున్నదే. అయితే ఉత్తరాన్ని అందుకునే ప్రతి సర్వరూ, అంటే తపాలా ఆఫీసు పని చేసే కంప్యూటరు, "రిసీవ్డ్" అనే ముద్ర వేస్తుంది. ఏ యంత్రం ఇచ్చింది, ఏది అందుకున్నది, ఎప్పుడు అన్నది అందులో ఉంటుంది. ఈ నియమాలను 1982లో అమెరికాలో జాన్ పోస్టెల్ అనే ఆయన రాసిపెట్టాడు. ఆయన పేరులోనే పోస్టు ఉన్నది, చూశారా!

ఈ ముద్రలన్నీ ఉండే భాగం పేరు హెడరు. కంప్యూటరులో జీమెయిల్ తెరిచి, ఉత్తరం పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, "షో ఒరిజినల్" అన్నది ఎంచుకుంటే కనిపిస్తుంది.

అమ్మాయి తెరిచి, "అంతా గజిబిజిగా ఉంది, తాతగారూ!" అన్నది.

"కంగారు పడకు. కొత్త ముద్ర ఎప్పుడూ పైన పడుతుంది. కాబట్టి కిందినుంచి పైకి చదువు."

అడుగున మేమెన్నడూ వినని యంత్రం పేరూ, దాని ఐపీ నంబరూ ఉన్నాయి. జవాబు చేరవలసిన చిరునామా మరెవరిదో. "ఎస్‌పీఎఫ్" దగ్గర "ఫెయిల్" అని ఉన్నది. తమ చిరునామాలతో ఉత్తరాలు పంపే హక్కు ఏ యంత్రాలకు ఉన్నదో ఈమెయిలు సంస్థలు జాబితా ప్రకటిస్తాయి. ఈ యంత్రం ఆ జాబితాలో లేదన్నమాట.

శిష్యుడు ఫోను అందుకున్నాడు. "మాస్టారూ, ఇది మీకు కంప్యూటరు నేర్పిన కుర్రాడి పనే!" అన్నాడు.

"తొందరపడకు నాయనా. దొంగ అడుగున అబద్ధపు ముద్రలు తానే అతికించవచ్చు. మన సర్వరు వేసిన పై ముద్రనే పూర్తిగా నమ్మాలి. పైగా ముద్ర ఊరు చెబుతుంది గాని ఇల్లు చెప్పదు. ఐపీ నంబరు వెనక ఉన్న మనిషిని పట్టుకోవడం పోలీసుల పని" అన్నాను.

అతను ప్రభుత్వపు సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేశాడు. డబ్బు పోయినవారైతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

ఇంకొక మాట. దొంగ నా ఖాతాలోకే దూరి రాసి ఉంటే, ముద్రలన్నీ సరిగ్గానే ఉండేవి! అప్పుడు ఆ ఇరవైవేలను కాపాడేది అమ్మాయి చేసిన ఫోను ఒక్కటే. అందుకని ముందు మనిషిని అడగండి, తరువాత ముద్రలు చూడండి.

ఈ నెల మీ పని: ఇంట్లో పెద్దలను అడిగి ఒక ఈమెయిలు హెడరు తెరవండి. ఎన్ని మజిలీలు చేసి వచ్చిందో లెక్కపెట్టండి. సమయం పక్కన +0530 అని ఉంటే అది మన దేశపు గడియారం అని గుర్తుపట్టండి.