చిన్న ఉపగ్రహాలకు కొత్త రేవు - శ్రీహరికోటకు మిగిలేదెంత?

1975లో మన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట బరువు 360 కిలోలు. దానిని పైకి చేర్చింది సోవియట్ రాకెట్. 2010 జూలైలో శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. మోసుకుపోయిన స్టడ్‌శాట్ బరువు కిలోకు లోపే. చేసినవారు ఆంధ్రప్రదేశ్, కర్ణాటకలలోని ఏడు ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులు.

ఉపగ్రహంలో ముఖ్యంగా ఉండేవి ఎండ నుంచి కరెంటు తీసే పలకలు, దానిని నిలవ చేసే బ్యాటరీ, లెక్కలు కట్టే చిప్పు, నేలతో మాట్లాడే రేడియో. సెల్‌ఫోన్ల పుణ్యమా అని ఇవన్నీ చిన్నవై, చవకైనాయి. 2013లో అమెరికా వారి నాసా సంస్థ మామూలు ఫోన్లనే మెదడుగా పెట్టి మూడు బుల్లి ఉపగ్రహాలను పంపింది. ఒక్కొక్క దాని విడి భాగాల ఖర్చు 3,500 నుంచి 7,000 డాలర్లే. దిక్కు మళ్లించుకునేందుకు వీటిలో తీగచుట్టలు వాడతారు. కరెంటు పారితే అవి అయస్కాంతాలై, భూమి అయస్కాంత శక్తి ఆసరాతో ఉపగ్రహాన్ని తిప్పుతాయి. ఇంధనంతో పని లేదు. ఇటుకలకు అచ్చు ఉన్నట్లే వీటికీ 10 సెంటీమీటర్ల ఘనం కొలతగా 1999లో ఇద్దరు అమెరికన్ ఆచార్యులు స్థిరపరిచారు. అందరూ ఆ కొలతకే చేస్తే రాకెట్‌లో పెట్టె మార్చనక్కరలేదు.

చవకలో చిక్కు కూడా ఉన్నది. అంగడి చిప్పు అంతరిక్షంలోని రేడియేషన్‌కు ఎన్నాళ్లు తట్టుకుంటుందో చెప్పలేరు. చెడితే పైకి వెళ్లి బాగుచేసే మేస్త్రీ లేడు.

పెద్ద చిక్కు ప్రయాణంలో ఉన్నది. పెద్ద రాకెట్‌లో చోటు దొరికేదాకా, బస్సు పైన మూట మాదిరి, చిన్న ఉపగ్రహం వేచి ఉండవలసిందే. అందుకే ఇస్రో ఎస్.ఎస్.ఎల్.వి. అనే చిన్న రాకెట్ తయారు చేసింది. ఎత్తు 34 మీటర్లు, మోయగలిగేది 500 కిలోలు. 2022 ఆగస్టు 7న దాని తొలి ప్రయోగం. అందులో 8 కిలోల ఆజాదీశాట్ ఉన్నది. దేశంలోని 75 గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల నుంచి 750 మంది ఆడపిల్లలు దానిలోని 75 పరికరాలకు పనిచేశారు. ఒక్కొక్కటి సుమారు 50 గ్రాములు.

రెండో అంచె విడిపోయేటప్పుడు కలిగిన అదురు వేగం కొలిచే పరికరాలను తికమక పెట్టింది. అది క్షణకాలపు అదురే అయినా, పరికరాలు చెడిపోయాయని రాకెట్‌లోని కంప్యూటర్ తీర్మానించుకుని, ముందే రాసిపెట్టిన దారి పట్టింది. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రంగా తిరగవలసిన ఉపగ్రహాలు ఒక వైపున 76 కిలోమీటర్లకు దిగాయి. అక్కడ గాలి ఈడ్చేస్తుంది. పిల్లల శ్రమ నిలవలేదు. పరికరాలు చెడకపోయినా వాటి మాట నమ్మకపోవడం వల్ల వచ్చిన నష్టమిది.

ఇస్రో ఊరుకోలేదు. అదురు తగ్గేలా అంచె విడదీసే పద్ధతి మార్చింది. పరికరం చెడిందని తేల్చేముందు మరికొంత సమయం చూసేలా సరిదిద్దింది. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2ను 450 కిలోమీటర్ల కక్ష్యలో పెట్టింది. 2024 ఆగస్టు 16న మూడో ప్రయోగమూ సఫలమైంది.

ఇక మన తీరం సంగతి. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలను దక్షిణంగా వదలాలి. శ్రీహరికోట నుంచి నేరుగా దక్షిణానికి పోతే శ్రీలంక అడ్డం. పక్కకు తిరిగి వెళ్లేసరికి ఇంధనం ఖర్చవుతుంది. పెద్ద రాకెట్‌కు అది భరించదగినదే, చిన్నదానికి మోత బరువులోనే కోత పడుతుంది. కాబట్టి తమిళనాడులోని తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో మరో కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. రాకెట్ తయారీ పరిజ్ఞానం హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు ఇవ్వాలని 2025లో నిర్ణయమైంది.

శ్రీహరికోటకు ఇక పని ఉండదన్న మాట సరికాదు. అక్కడ మూడో ప్రయోగ వేదికకు కేంద్ర మంత్రివర్గం 2025 జనవరిలో రూ.3,984.86 కోట్లు మంజూరు చేసింది. పెద్ద రాకెట్లకు శ్రీహరికోటే రేవు. అయితే చిన్న ఉపగ్రహాల వ్యాపారంలో మనకు వాటా రావాలంటే రాకెట్ ఎగిరే చోటు కంటే భాగాలు తయారయ్యే చోటు ముఖ్యం. హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ సంస్థ చేసిన రెండు థైబోల్ట్ ఉపగ్రహాలు 2022 నవంబర్ 26న ఇక్కడి నుంచే వెళ్లాయి. ప్రయోగం రోజున సముద్రంలోకి పోవద్దని హెచ్చరికలు అందుకునేది పులికాట్ జాలరులు. వారి పిల్లలకు తీగచుట్టలు చుట్టడం, పలకలు అతకడం, పరీక్షించడం నేర్పే శిక్షణ సూళ్లూరుపేట ప్రాంతంలోనే పెట్టవచ్చు. కులశేఖరపట్నం పని మొదలు కాకముందే ఇక్కడి ప్రజాప్రతినిధులు అడగవలసినది అదే.