మన్నించమని ఎవరికి చెబుతున్నాం?

మందు డబ్బా మీది లేబుల్ గోటితో గీకేసి, నడుస్తుంటే మాత్రలు గలగలమనకుండా దూది కుక్కి, సంచిలో అడుగున దాచుకుని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం నుంచి ఇల్లు చేరేవారు ఇప్పటికీ ఉన్నారు. వైద్యం మాత్రం చాలా దూరం వచ్చింది. 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమన్ బృందం దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులను గుర్తించినప్పుడు ఇవ్వడానికి మన దగ్గర మందే లేదు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్క మాత్ర సరిపోతోంది. క్రమం తప్పకుండా వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి అలాగే నిలిస్తే, లైంగిక సంబంధం వల్ల అది ఇంకొకరికి సోకదు. ఒళ్లు కుదుటపడే దారి దొరికింది. మనసులో గూడుకట్టుకున్న కోపానికీ, తప్పు చేశానన్న కుమిలిపాటుకూ ఏ మాత్రా లేదు.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో ఇల్లాళ్లకు ఈ వైరస్ భర్త నుంచే వచ్చింది. అయినా నింద మోసింది వాళ్లే. గర్భిణులందరికీ రక్తపరీక్ష చేస్తారు కనుక చాలా ఇళ్లలో ముందు బయటపడేది ఆమె సంగతే. భర్త పరీక్షకు వచ్చేలోగా 'కోడలు తెచ్చిన జబ్బు' అన్న మాట ఊళ్లో పాతుకుపోతుంది. అతను మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టేదీ, అన్నం కలిపి పెట్టేదీ ఆమే. అతను పోయాక అత్తింటికీ పుట్టింటికీ కాకుండా పోయేదీ ఆమే. అలాంటి మనిషితో 'పోయినవాడిని క్షమించెయ్యమ్మా, నీకే మంచిది' అనడం న్యాయం కాదు. క్షమకూ మనశ్శాంతికీ సంబంధం ఉందని పరిశోధనలు చెబుతున్నాయి, నిజమే. ఈ అంశాన్ని దశాబ్దాలుగా అధ్యయనం చేస్తున్న అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ ఎన్‌రైట్ ఒకటి స్పష్టంగా చెబుతారు: క్షమించడమంటే జరిగింది తప్పు కాదని ఒప్పుకోవడం కాదు, రాజీపడి మళ్లీ కలిసి ఉండటమూ కాదు. ఆమె కోపం ఆమెది. దాన్ని ఎప్పుడు దించుకోవాలో, అసలు దించుకోవాలో వద్దో ఆమే తేల్చుకోవాలి.

అంతకన్నా కష్టం తనను తాను మన్నించుకోవడం. తమకు వైరస్ ఉందని తెలియకుండానే బిడ్డకు పాలిచ్చిన తల్లులున్నారు. వైద్యం అందకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు తల్లి నుంచి సోకే ప్రమాదముందని, సరైన చికిత్సతో దాన్ని 5 శాతం లోపునకు తగ్గించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలా వైరస్ సోకిన నాటి పిల్లలు ఇప్పుడు పెళ్లీడుకొచ్చారు. వాళ్ల చేతిలో మాత్ర చూసినప్పుడల్లా తల్లి తనను తాను దోషిగా నిలబెట్టుకుంటుంది. ఆమెకు ఎవరి మన్నింపూ అక్కర్లేదు. 'నీకు పరీక్ష చేసినవాళ్లు లేరు, మందిచ్చినవాళ్లు లేరు, ఇందులో నీ తప్పేం లేదమ్మా' అని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు కావాలి. భార్యకు తానే అంటించానని తెలిసిన మగవాడి సంగతి వేరు. అతని తప్పు అతనికి తెలుసు. కానీ 'నాకిలా కావలసిందే' అన్న ఆలోచనలోకి జారితే అతను మాత్రలు మానేస్తాడు, ఆ శిక్ష మళ్లీ ఇంటిల్లిపాదికీ పడుతుంది.

2018 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ-ఎయిడ్స్ చట్టం ఉద్యోగంలో, బడిలో, ఆస్పత్రిలో, అద్దె ఇంటి దగ్గర వివక్షను నిషేధించింది. కానీ ఇంట్లో కంచం, గ్లాసు వేరు చేసిన వదినలనూ బావలనూ ఏ చట్టం కదిలిస్తుంది? మన్నించమని అడగాల్సినవాళ్లు వాళ్లు. ఇన్నేళ్లయినా అడగలేదు.

ప్రభుత్వం చేయగలిగింది ఒకటుంది. ఏఆర్‌టీ కేంద్రంలో మాత్రలు లెక్కపెట్టి, సంతకం తీసుకునే రెండు నిమిషాల్లో ఈ కోపమూ, ఈ బాధా పెదవి దాటవు. వరుసలో వెనక ఉన్నవాళ్ల చెవిన పడని ఒక గది, తొందరపెట్టని ఒక కౌన్సెలర్, అవసరమైతే మానసిక వైద్యుడి దగ్గరకు దారి: ఇవి మందులతో పాటే అందాలి.