వీధిలో ఆరు దీపాలు, పెరట్లో చీకటి

ఈ నాలుగైదేళ్ళలో మా వైపు కట్టిన ఏ ఇల్లు చూసినా ఒకటే తంతు. గేటు స్తంభాల మీద రెండు సోలారు గ్లోబులు, ప్రహరీ గోడ పొడుగునా చిన్న చిన్న దీపాలు. సాయంత్రం అయ్యేసరికి వాటంతట అవే వెలుగుతాయి. దారినపోయేవాళ్ళు "అబ్బ, ఎంత బావుందో" అంటారు. ఇంటాయన మీసం దువ్వుకుంటాడు. అదే ఇంటి వెనక్కి వెళ్ళి చూడండి. నుయ్యి, బట్టలుతికే బండ, పశువుల సాల, కట్టెలమోపులు, పెరటి చివర మరుగుదొడ్డి. అక్కడ కంట్లో వేలు పెట్టి పొడిచినా కనపడదు.

నేననేది ఒక్కటే. ఇంటికి సోలారు దీపం కొంటే మొదటిది పెరట్లో పెట్టాలి. రెండోదీ అక్కడే. ఇంకా డబ్బులు మిగిలితే అప్పుడు చూద్దాం గేటు సంగతి.

రాత్రి తొమ్మిది దాటాక గేటు దగ్గరికి ఎవరు వెళ్తారు చెప్పండి? తాళం వేసేసి ఉంటుంది. వీధిలో పంచాయతీవారి ఎల్ఈడీ దీపం ఎలాగూ ఉంటుంది. పెరట్లోకి మాత్రం ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు. అంట్ల గిన్నెలు పట్టుకుని ఇంటి కోడలు. అర్ధరాత్రి పిల్లని తీసుకుని తల్లి. రెండింటికోసారి లేచే ముసలావిడ. తెల్లారగట్ల నాలుగున్నరకి పేడ ఎత్తడానికో, పాలు పితకడానికో మళ్ళీ ఆడమనిషే. మా ప్రాంతంలో సగం ఇళ్ళలో మగవాళ్ళు పనుల కోసం విశాఖపట్నమో, హైదరాబాదో, చెన్నైయో, గల్ఫో పోయి ఉంటారు. ఇంట్లో మిగిలేది ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, పిల్లలు. అయినా దీపం ఎక్కడ పెట్టాలో ఫోన్లో నిర్ణయించేది ఊళ్ళో లేని మనిషే!

స్వచ్ఛభారత్ 2014 అక్టోబరు 2న మొదలయ్యాక ఊరూరా మరుగుదొడ్లు వచ్చాయి. కేంద్రం లెక్కలో ఇంటికి 12,000 రూపాయలు. మంచిదే, చెంబు పట్టుకుని చెరువుగట్టుకి పోయే బాధ తప్పింది. కానీ ఆ గది ఎక్కడ కట్టారు? ఇంటికి ఆనించి కడితే మైల అని పెద్దవాళ్ళు పట్టుబట్టారు, పెరటి చివరికి నెట్టారు. ఆ లెక్కలో నీళ్ళ తొట్టికి చోటుంది, దీపానికి లేదు. మాది రాజాం దగ్గర పల్లె. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చిపడ్డాం. జిల్లా మారింది గానీ ఆ ముప్పై అడుగుల చీకటి మారలేదు.

చీకటంటే ఉత్త చీకటి కాదు కదా. 2020లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధన ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్ళు సుమారు 12 లక్షల మంది. ఏడాదికి 58 వేలు! ఎక్కువ చావులు జరిగిన రాష్ట్రాల్లో మన ఆంధ్ర కూడా ఉంది. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. అంటే మనం ఊడుపుల హడావిడిలో ఉండే రోజులు, పెరట్లో గడ్డి మోకాలెత్తు పెరిగే రోజులు. కట్లపాము తిరిగేదే రాత్రి పూట. దాని కాటు చాలాసార్లు నొప్పి కూడా పుట్టదు. చీమ కుట్టిందనుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవరు. (కాటు పడితే మంత్రం వేసే ముసలాయన దగ్గరికి కాదు, 108కి ఫోను చేసి ఆసుపత్రికి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.) దీపం చూసి పాము పారిపోదు. అది మనకి కనిపిస్తుంది, అంతే. ఆ అంతే చాలు, కాలు వెనక్కి తీసుకోవడానికి.

మా పెద్దత్తగారు కిందటేడు శ్రావణంలో తెల్లవారుజామున మూడింటికి లేచి వెళ్తూ కుడితి గోలెం తగిలి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, మూడు నెలలు మంచం, ఇప్పటికీ చేతికర్ర. ఆవిడ అరిచిన అరుపుకి మేమంతా పరుగెత్తేసరికి ఇంటి ముందు ఆరు దీపాలు చక్కగా వెలుగుతున్నాయి. మా బావగారు వాటిని కొన్నప్పుడు, "ఒకటి వెనకాల పెట్టండి బావగారూ" అని నేను అడిగాను. "పెరట్లో ఎవరు చూస్తారమ్మా?" అన్నారు. ఆయన చెడ్డవారు కారు, తల్లి అంటే ప్రాణం. దీపం అంటే ఎవరో చూసి మెచ్చుకోవడానికి అన్న ఆలోచన అంత లోతుగా పాతుకుపోయింది మరి.

దీనికి మగవాళ్ళు చెప్పే జవాబులు నాకు కంఠస్థం. "సెల్లులో టార్చి ఉంది కదా?" ఉంది. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో పిల్ల. ఫోను పళ్ళతో పట్టుకోవాలా? పైగా చాలా ఇళ్ళలో ఛార్జింగు ఉన్న ఫోను ఎవరి దిండు కింద ఉంటుందో మనందరికీ తెలుసు. "ఇంట్లోంచి వైరు లాగి బల్బు పెడితే పోలేదా?" పద్ధతిగా పైపులో వేసి, ఎర్తు ఇచ్చి పెట్టేట్టయితే పెట్టండి, నేనేం వద్దనను. కానీ మన పెరళ్ళలో వైరు లాగడమంటే ఏమిటో చూస్తూనే ఉన్నాం. బట్టల తీగకి చుట్టుకుంటూ, జామకొమ్మ మీంచి, అతుకుల దగ్గర టేపు ఊడిపోయి. వానలో తడిసిన ఆ తీగ మీద తడి చీర ఆరేసేది మనమే. ఇక్కడే సోలారు దీపం గొప్ప. వైరుతో పని లేదు, స్విచ్చుతో పని లేదు, షాకు భయం లేదు.

కరెంటు బిల్లు మిగులుతుందని మాత్రం కొనకండి. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రంతా పన్నెండు గంటలు వెలిగినా నెలకి మూడు యూనిట్ల పైచిలుకు. ఆ డబ్బు మిగిల్చి దీపం ధర రాబట్టేలోపు దీపమే పోతుంది. అమ్మేవాళ్ళు ఈ మాటతోనే మొదలుపెడతారు, అందుకే చెప్తున్నాను.

వాళ్ళు చెప్పే రెండో అబద్ధం ఇంకా పెద్దది. అట్టపెట్టె మీద "100 వాట్లు" అని ఇంత లావు అక్షరాలు. దీపమేమో అరచెయ్యంత. మనకి లెక్కలు రావని వాళ్ళ ధీమా. సరుకుల చీటీ మనసులోనే కూడేసేవాళ్ళం, ఇదో లెక్కా? బ్యాటరీ మీద రెండు అంకెలు ఉంటాయి, వోల్టులు, ఎంఏహెచ్ అని. 3.7 వోల్టులు, 1200 ఎంఏహెచ్ అనుకోండి. రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే సుమారు నాలుగున్నర వాట్-అవర్లు. అంటే నాలుగున్నర వాట్ల దీపం ఒక గంట వెలగడానికి సరిపడా సరుకు. నిజంగానే అది 100 వాట్ల దీపమైతే మూడు నిమిషాలు కూడా వెలగదు! పైనున్న పలకా అంతే. పది సెంటీమీటర్లు, ఆరు సెంటీమీటర్లు ఉండే పలక మండుటెండలో ఇచ్చేది ఒక వాటు, కాస్త ఎక్కువ. రోజంతా మంచి ఎండ కాస్తే, వృథా పోగా నాలుగు వాట్-అవర్లు దక్కితే గొప్ప. కొట్టువాడిని ఈ రెండు అంకెలు అడగండి. నేను ఒకచోట అడిగితే "మీకెందుకండీ, సారుని రమ్మనండి" అన్నాడు. బయటికి వచ్చేశాను. అలాంటి కొట్లోంచి మీరూ వచ్చేయండి.

ఈ లెక్క తెలిస్తే ఏ రకం కొనాలో దానంతటదే తేలుతుంది. ఆ నాలుగు వాట్-అవర్లని పన్నెండు గంటలకి పంచితే వచ్చేది మిణుగురు వెలుగు. గేటు మీద ముచ్చటకి చాలు, నేల మీద ఏముందో చూడ్డానికి చాలదు. అదే మనిషి కదిలినప్పుడే వెలిగే సెన్సారు దీపమైతే, రాత్రికి ఇరవైసార్లు, సారికి అర నిమిషం చొప్పున వెలిగినా మొత్తం పది నిమిషాలు. ఐదు వాట్ల వెలుగుతో వెలిగినా ఒక వాట్-అవరు కూడా ఖర్చు కాదు. సెన్సారు తిండి కొంచెం కలుపుకున్నా మూడు రోజులు మబ్బు పట్టినా నిలుస్తుంది. రాత్రల్లా వెలిగే దీపం మొదటి ముసురుకే ఆరిపోతుంది. ఇంకో సంగతి, రాత్రల్లా తెల్లగా వెలిగే దీపానికి పురుగులు ముసురుతాయి, పురుగుల కోసం కప్పలు వస్తాయి, కప్పల కోసం ఎవరొస్తారో వేరే చెప్పాలా? అందుకే పసుపు వెలుగు అడగండి. పెట్టె మీద 3000కె అని ఉంటుంది. 6500కె అని ఉంటే అది తెల్లటిది.

బ్యాటరీ మార్చుకునే వీలుందో లేదో కొనేముందే చూడాలి. వెనక స్క్రూలు ఉంటే విప్పొచ్చు. జిగురు పెట్టి అతికించేసిందైతే రెండేళ్ళకి మొత్తం చెత్తలోకే. 3.2 వోల్టులని రాసి ఉంటే అది లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం. మన ఎండలకి తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్ళు వస్తుంది. తోటలో గుచ్చే చవక పుల్లదీపాల్లో ఉండేది 1.2 వోల్టుల బుల్లి సెల్లు, ఏడాదికో రెండేళ్ళకో మార్చాలి. "బ్యాటరీ మార్చడం ఆడాళ్ళకి ఏటొస్తాది" అనేవాళ్ళకి రాజస్థాన్‌లోని తిలోనియా గురించి చెప్పండి. బేర్‌ఫుట్ కాలేజీ అని 1972లో పెట్టారు. చదువురాని నాయనమ్మలు, అమ్మమ్మలు, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్ళతో సహా, అక్కడ సోలారు దీపాలు విడిభాగాలతో బిగించడం నేర్చుకుని సొంత ఊళ్ళకి వెలుగు తీసుకెళ్ళారు. నాలుగు స్క్రూలు మనకో లెక్కా? నీళ్ళ గుర్తుకి ఐపీ65 ఉండాలి, ఐపీ44 మన వానలకి చాలదు. పలక విడిగా ఉండి, తీగతో దీపానికి కలిపేది దొరికితే అదే మేలు. దీపం మరుగుదొడ్డి గుమ్మం మీద, పలక కొబ్బరిచెట్టు నీడ పడని చోట, దక్షిణం ముఖంగా కొంచెం వాల్చి. పావురాల రెట్ట, దుమ్ము పదిహేను రోజులకోసారి తడిగుడ్డతో తుడవాలి. ఆ పని ఎవరి మీద పడుతుందో నాకూ తెలుసు, ఇంట్లో మగపిల్లాడికి అప్పజెప్పండి.

సముద్రం ఒడ్డున ఉండే అక్కచెల్లెళ్ళకి, కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు వాళ్ళకి, ఒక మాట. ఇనప స్క్రూలు ఉప్పుగాలికి ఏడాదిలో తినేస్తాయి, స్టీలువి చూసుకోండి. అలాగే దీపం వెలుగు కిందికే పడాలి, సముద్రం వైపు కాదు. ఆ తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళ పిల్లలు వెలుగున్న వైపే సముద్రం అనుకుని నడుస్తాయి. మన దీపం చూసి ఊళ్ళోకి వచ్చి కుక్కల పాలవుతాయి.

ఇక తుఫాన్ల సంగతి. ఫైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. తేదీలు చూశారా? మనం దసరాకి, పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఇల్లు అలంకరించుకునే రోజులే. తిత్లీకి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలు వేలల్లో కూలాయి, ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. నేలంతా విరిగిన కొమ్మలు, రేకులు, చెదిరిన పుట్టలు. పెరట్లోకి వెళ్ళక తప్పదు, వెళ్తే కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. "మేడ మీద పెద్ద సోలారు వేయించాం, మాకేం భయం" అనుకునేవాళ్ళు కూడా వినండి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన సూర్యఘర్ పథకం కింద వేసుకునే మామూలు ప్యానెళ్ళు లైనులో కరెంటు పోతే అవీ ఆగిపోతాయి. స్తంభం ఎక్కి బాగుచేసేవాళ్ళకి షాకు కొట్టకుండా అలా చేస్తారు. విడిగా బ్యాటరీ పెట్టించుకుంటే తప్ప ఆ ఇల్లూ చీకటే. వందల రూపాయల పెరటి దీపం మాత్రం, తుఫాను హెచ్చరిక రాగానే మేకు మీంచి తీసి ఇంట్లో పెట్టుకున్నామంటే, గాలి తగ్గాక మళ్ళీ తగిలించుకోవచ్చు. అందుకని సిమెంటు పెట్టి బిగించకండి, కొక్కేనికి వేలాడేట్టు పెట్టించండి.

దసరాకి ముందు అబ్బాయో, ఆయనో ఫోను చేసి "ఇంటికి లైట్లు పంపిస్తున్నా" అంటారు. అప్పుడు "మీ ఇష్టం" అనకండి. పగలే ఒకసారి టేపు పట్టుకుని పెరటి గుమ్మం నుంచి మరుగుదొడ్డికి, అక్కడి నుంచి సాలకి, నూతికి ఎన్ని అడుగులో కొలిచి ఉంచండి. మధ్యలో గోలెం, రోలు, మెట్టు ఎక్కడున్నాయో రాసుకోండి. ఆ కాగితం ఫొటో తీసి పంపించి, "ఈ దారికి సరిపడా పంపించు, సెన్సారువి, పసుపువి, స్క్రూలున్నవి" అనండి. గేటుకి రెండు కావాలని ఆయనకి ముచ్చటైతే, అవి ఆయన వచ్చినప్పుడు తెచ్చుకుంటాడు.