చెర వీడిన తర్వాతే అసలు పరీక్ష

ధ్రువపత్రాల కోసం, పింఛను దరఖాస్తుల కోసం చేగుంటలో మా వద్దకు వచ్చే యువకులను ఈ మధ్య ఒక ప్రశ్న అడుగుతున్నాం: మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు? కొందరు ట్యాంక్‌బండ్ మీది విగ్రహమంటారు, కొందరు కవి అంటారు. ఆయన 1908లో మన ఉమ్మడి మెదక్ జిల్లాలోని అందోలులో జన్మించారనీ, రెండు ప్రభుత్వాలు వెంటాడినా తలవంచని ప్రజానాయకుడనీ చెప్పగలిగేవారు అరుదు.

1947 సెప్టెంబరు 11న నిజాం పాలనపై సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో, రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిలతో పాటు ఆయన ఒకరు. పాలకుడు తన మతస్థుడే అయినా అన్యాయాన్ని అన్యాయమనే అన్నారు. మరుసటి ఏడు సెప్టెంబరులో నిజాం పాలన ముగిసి, జనరల్ జె.ఎన్. చౌదరి సైనిక గవర్నరయ్యారు. ఢిల్లీలో ఉన్నది ప్రజాప్రభుత్వమే. అయినా 1952 వరకు హైదరాబాదు రాష్ట్ర ప్రజలకు తామెన్నుకున్న శాసనసభ లేదు. కమ్యూనిస్టు పార్టీని నిషేధించారు. మఖ్దూం అజ్ఞాతవాసం తీరలేదు, 1951లో అరెస్టయ్యారు. విడుదలయ్యాక 1952లో హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచి శాసనసభలో అడుగుపెట్టారు. మత వైషమ్యాల గాయాలు ఇంకా మానని నేలపై, పల్లె రైతులు మతం చూడక ఆయనకు ఓటు వేశారు. 1969లో కన్నుమూసే వరకు ఆయన కార్మికుల పక్షాన్ని వీడలేదు.

నిర్బంధాన్ని తట్టుకోవడం గొప్పే. కానీ నాయకునికి అసలు పరీక్ష చెర వీడిన తర్వాతే మొదలవుతుందని మా అభిప్రాయం. బ్రెజిల్ సైనిక పాలకుల జైలులో చిత్రహింసలు అనుభవించిన దిల్మా రౌసెఫ్ దేశాధ్యక్షురాలయ్యాక, నాటి దురాగతాలను నమోదు చేసేందుకు సత్యశోధక సంఘాన్ని నియమించారు. 2014లో దాని నివేదిక వెలువడింది. బర్మా సైనికుల నిర్బంధంలో సుమారు 15 ఏళ్లు గడిపిన ఆంగ్ సాన్ సూకీ వేరొక దారి పట్టారు. 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు ప్రాణాలు అరచేత పట్టుకొని బంగ్లాదేశ్‌కు పారిపోతే, 2019లో ఆమె హేగ్ న్యాయస్థానానికి వెళ్లి ఆ సైన్యం తరఫునే వాదించారు. 2021లో అదే సైన్యం ఆమెను మళ్లీ బంధించింది. ఆమె నిర్బంధం అన్యాయమే, ఖండిస్తున్నాం. అయితే తన కష్టాన్ని గుర్తుంచుకొని ఎదుటివారి కష్టాన్ని మరచినవారి త్యాగం సగమే మిగులుతుందని కూడా చెప్పక తప్పదు. ఆ రోహింగ్యాలలో కొందరు నేడు మన బాలాపూర్ గుడిసెలలోనే తలదాచుకుంటున్నారు.

ఇక మన ఇంటి మాట. 1948 చివర నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ ప్రభృతులు హైదరాబాదు రాష్ట్రంలో పర్యటించి, పోలీసు చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేశారు. ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువులను సైతం వారు ప్రస్తావించారు. ఆ నివేదిక అరవై ఏళ్లకు పైగా చీకటిలో ఉండి, 2013లో గాని ప్రజలకు అందలేదు.

దాని తెలుగు, ఉర్దూ ప్రతులను రాష్ట్ర ప్రభుత్వమే ప్రచురించి ప్రతి మండల గ్రంథాలయానికి పంపాలని కోరుతున్నాం. అది ఎవరిపైనా పగ తీర్చుకోవడానికి కాదు. నిజం దాచినచోట పుకారే చరిత్ర అవుతుంది గనుక. అదే నోటితో, రజాకార్ల దౌర్జన్యాలను కూడా మనం దాచకుండా మన పిల్లలకు చెప్పాలి. మనవారి తప్పును ఒప్పుకోగలిగినప్పుడే మనకు జరిగిన అన్యాయాన్ని ధైర్యంగా అడగగలం. మఖ్దూం జీవితం నేర్పుతున్నది అదే. విగ్రహానికి దండ వేయడం ఒక్క రోజు పని; ఆ న్యాయబుద్ధిని నిలుపుకోవడం నిత్యకృత్యం.