కడచూపు కోసం కడలి దాటి...

పెద్దాయనకి బాగోలేదని కబురొస్తే చాలు, కడచూపైనా దక్కాలని బంధువులంతా పరుగెత్తుకొస్తారు. బ్రిటన్‌కి చెందిన జంతుశాస్త్రవేత్త మార్క్ కార్వర్డైన్ కూడా అలాగే పరుగెత్తారు. మనుషుల కోసం కాదు, జంతువుల కోసం! 1985లో అయ్-అయ్ అనే అరుదైన లెమూర్‌ని చూడ్డానికి మడగాస్కర్ వెళ్లినప్పుడు, ఆయనకు తోడైంది హాస్య రచయిత డగ్లస్ ఆడమ్స్. తర్వాత ఇద్దరూ కలిసి అంతరించిపోతున్న జీవుల్ని వెతుక్కుంటూ ఇండొనేషియా, జైర్, న్యూజిలాండ్, చైనాలు చుట్టేశారు.

చైనాలోని యాంగ్సీ నదిలో బైజీ అనే డాల్ఫిన్ ఉండేది. బురద నీళ్లలో కళ్లతో పన్లేదు కాబట్టి శబ్దాలతోనే దారి వెతుక్కునేది. నీళ్లలోకి మైకు దించి వింటే ఏముంది... అంతా పడవల రొదే! చెవులే కళ్లయిన ప్రాణికి అంతకన్నా చీకటి ఏముంటుంది? నదిలో వాళ్లకి బైజీ కనిపించలేదు. 2006లో శాస్త్రవేత్తలు ఆరువారాలు గాలించినా ఒక్కటీ దొరకలేదు.

న్యూజిలాండ్‌లోని కాకాపోదీ దాదాపు అదే పరిస్థితి. అది ఎగరలేని చిలుక. మనుషులు తెచ్చిన పిల్లులూ ఎలుకలూ దాని వంశానికే ఎసరు పెట్టాయి. అయితే వాటి బెడద లేని దీవులకు ఆ పక్షుల్ని తరలించి, ఒక్కోదాన్నీ కంటికి రెప్పలా కాచారు. 1995లో 51 ఉన్నవి 2022 నాటికి 250 దాటాయి. 2009లో కార్వర్డైన్ మళ్లీ వెళ్తే సిరోకో అనే కాకాపో ఏకంగా ఆయన తలమీదికే ఎక్కేసింది!

దీవిలో పిల్లుల్ని లేకుండా చేయగలిగారు. యాంగ్సీలో పడవల్నీ వలల్నీ మాత్రం ఆపలేకపోయారు. చిలుక బతికింది, డాల్ఫిన్ పోయింది. తేడా అంతే!