మైలేజీ ఎవరిక్కావాలి?
కోట్లు పోసి బెంట్లీ కొన్నవాడు పెట్రోలు బిల్లు చూసి ఉలిక్కిపడడు. మాటిమాటికీ బంకు దగ్గర ఆగాల్సి వస్తేనే విసుక్కుంటాడు. బుగాటీ వేరాన్ గరిష్ఠ వేగంతో పోతే 100 లీటర్ల ట్యాంకు దాదాపు 12 నిమిషాల్లో ఖాళీ. దాన్నీ గొప్పగానే చెప్పుకున్నారు! మరి ఇలాంటి కొన్ని ఖరీదైన కార్లలో, నెమ్మదిగా వెళ్లేటప్పుడు పెట్రోలు ఆదా కోసం సగం సిలిండర్లను ఆపేసే ఏర్పాటు ఎవరి కోసం? నన్నడిగితే, చాలావరకు ప్రభుత్వాల కోసమే. తాగుబోతు ఇంజిన్ల మీద అమెరికా 1978 చట్టంతో పన్ను తెచ్చింది. లీటరుకు సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు ఇవ్వని కొత్త కారుకు ఇప్పుడది గరిష్ఠంగా 7,700 డాలర్లు. ఫెరారీ ధరలో అదొక లెక్కా? పైగా ఎస్‌యూవీలకు మినహాయింపు (అప్పట్లో అవి పనిబళ్ల కింద జమ లెండి). ఇవాళ సంపన్నుల వాకిళ్లలో నిలబడేవి అవే. యజమానుల మనసు మారుతుందన్న ఆశ నాకు లేదు. ముందు ఆ మినహాయింపు ఎత్తేయమనండి.